పేరు రాయని ప్రార్థన విన్నపం: సోషల్ మీడియా వాడకం మీద ఒక కాపరి కేస్ స్టడీ

ఇది రాయడానికి ముగ్గురి అనుమతి తీసుకున్నాను. పోస్టు పెట్టిన మా సంఘం తమ్ముడిది, అతని భార్యది, ఆ పోస్టు వల్ల దెబ్బతిన్న తల్లిది. ముగ్గురికీ చదివి వినిపించాను. ఆ తల్లి రెండు వాక్యాలు తీసేయమంది, తీసేశాను. వయసులు, ఉద్యోగాలు, ఊళ్ల సంగతులు కొంచెం మార్చాను. తమ్ముణ్ణి ఇక్కడ దానియేలు అంటాను, అతని అసలు పేరు అది కాదు.

నేను కోస్తాలో ఒక చిన్న పట్టణంలో సంఘకాపరిని, కుటుంబ కౌన్సెలింగ్ కూడా చేస్తుంటాను. ఈ మధ్య ఏళ్లలో నా దగ్గరికి వచ్చే ఇంటి గొడవల్లో ఫోను ప్రస్తావన లేనిది చాలా అరుదు. అందరికీ నేనిచ్చే సలహా ఒకటే ఉండేది, తగ్గించుకో అని. ఈ కేసులో ఆ సలహా పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో నాకు అర్థమయ్యే లోపు ఒక ఇంటికి నష్టం జరిగిపోయింది.

నేపథ్యం

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు జూన్ 8 దాకా మందిరాల తలుపులు మూసే ఉన్నాయి. మా సంఘంలో లైవ్ పెట్టడం తెలిసినవాడు దానియేలు ఒక్కడే. కీబోర్డు స్టాండుకి రబ్బరు బ్యాండ్లతో ఫోను కట్టి, వెలుతురు కోసం కిటికీలన్నీ తెరిచి, చెయ్యి ఊపేవాడు, నేను ఖాళీ బెంచీల వైపు చూస్తూ వాక్యం మొదలుపెట్టేవాణ్ణి. కువైట్‌లో ఇళ్లల్లో పని చేసుకునే మా సంఘం ఆడపిల్లలు రాత్రి పని అయ్యాక ఆ వీడియో చూసి, ఏడుస్తూ వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాళ్లు. మంచం దిగలేని ఒక పెద్దాయన మనవడి చేత ఫోను దిండు పక్కన పెట్టించుకుని పాటలన్నీ మాతోపాటు పాడేవాడు. ఆ రోజుల్లో ఆ ఫోను మాకు దేవుడిచ్చిన మేలే, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది విని ఫోనంటేనే సాతాను పెట్టె అనే తీర్మానానికి ఎవరూ రావద్దు. మా నాన్నగారి కాలంలో టీవీని అలాగే అన్నారు, ఆ ఇళ్ల పిల్లలు పక్కింటి కిటికీ దగ్గర నిలబడి చూశారు.

లాక్‌డౌన్‌కి ముందు దానియేలు కానుక పళ్లెం పట్టుకోమన్నా సిగ్గుపడే మనిషి. సాక్ష్యం చెప్పమంటే చివరి బెంచీ నుంచి లేచి బయటికి వెళ్లిపోయేవాడు. లాక్‌డౌన్ అయ్యేసరికి నాలుగు వాట్సాప్ గ్రూపులకి అడ్మిన్. రోజూ ఉదయం 5 గంటలకల్లా అతను పంపే వాగ్దానం బొమ్మ (బైబిలు వచనం రాసిన బొమ్మ) కోసం ముసలమ్మలు ఎదురుచూసేవాళ్లు. పక్క ఊళ్ల సంఘాల వాళ్లు కూడా అతన్ని గుర్తుపట్టి వందనాలు చెప్పేవాళ్లు. మంచిదే కదా అనుకున్నాను. ఇప్పటికీ అందులో చాలావరకు మంచే అనుకుంటున్నాను.

ఒక గుర్తు మాత్రం ముందే కనబడింది, నేను పట్టించుకోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా యవ్వనస్థులు అన్నం పొట్లాలు తీసుకెళ్లారు. దానియేలు ఫోటోలు తీసి పెట్టాడు. ఒక ఫోటోలో ఓ పెద్దావిడ ఒక చేత్తో పొట్లం అందుకుంటూ రెండో చేత్తో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో ప్రభువు చెప్పిన మాట మీద ఎన్నో ప్రసంగాలు చేసినవాణ్ణి. ఆ ఫోటో కింద నేనూ నమస్కారం గుర్తు పెట్టాను. ఆ కొంగు నాకు కనబడింది ఏడాది తర్వాతే.

నా దగ్గరికి వచ్చిన సమస్య

వచ్చింది అతను కాదు, అతని భార్య. స్త్రీల కూడిక అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి చెప్పింది.

"అయ్యగారూ, ఆయన్ని ఏమీ అనకండి. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఫోనులోనే బైబిలు చదువుతారు. మొన్న 23వ కీర్తన చదువుతున్నారు. 'శాంతికరమైన జలములయొద్ద' అన్నారు, అంతలో పైనుంచి ఏదో మెసేజ్ జారింది, ఆయన బొటనవేలు దాని మీదికి వెళ్లిపోయింది. పాప కళ్లు తెరిచి చూసి, చదవడం అయిపోయిందనుకుని ఆమేన్ అనేసింది."

విషయం ఏమిటంటే దానియేలు ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్ కామెంట్లలో వాదనల్లో పడ్డాడు. మనవాళ్లకి తెలిసిన వాదనలే: చిన్నపిల్లలకి బాప్తిస్మం ఇవ్వొచ్చా, ఆరాధన శనివారమా ఆదివారమా, క్రిస్మస్ చెయ్యాలా వద్దా. రాత్రి ఒంటిగంట, రెండు. పొద్దున్నే వాగ్దానం పంపి ఆఫీసుకి వెళ్లేవాడు, కళ్లు ఎర్రగా. ఇంట్లో చిన్న మాటకే విసుగు. వాదన సువార్త కోసమే అని నమ్మేవాడు, ఆ నమ్మకం నిజాయితీగలదే.

మొదటి రెండు ప్రయత్నాలు

శ్రమ దినాలు (ఈస్టర్‌కి ముందు, ఆదివారాలు లెక్కపెట్టకుండా నలభై రోజుల ఉపవాస కాలం) వస్తున్నాయి కాబట్టి నేను తేలిక దారి ఎంచుకున్నాను. 2025 మార్చి 5 బూడిద బుధవారం నుంచి ఏప్రిల్ 20 ఈస్టర్ దాకా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ తీసెయ్యమన్నాను. మాంసం మానేవాళ్లున్నారు, నువ్వు ఇది మాను అన్నాను. నా ఆలోచన ఏమిటంటే, కొన్ని రోజులు ఆగితే కోరిక చల్లారుతుంది, తాగుడు మానిపించేటప్పుడు అలాగే చేస్తాం కదా అని. అతను ఒక్కరోజు కూడా తప్పలేదు. ఈస్టర్ మధ్యాహ్నం తెల్ల చొక్కాలో ఫోటో పెట్టి, నలభై రోజులు సోషల్ మీడియాకి దూరంగా ఉండి ఏం నేర్చుకున్నాడో పెద్ద పోస్టు రాశాడు. రాత్రికల్లా అతని పోస్టుల్లో అంతకుముందెప్పుడూ రానన్ని లైకులు. కింద నేనూ ఆమేన్ అని రాశాను. వారం తిరిగేసరికి నిద్ర మళ్లీ రెండు గంటలకే.

రెండోసారి ఫోనులో ఉండే టైమర్ పెట్టించాను, రోజుకి అరగంట దాటితే యాప్ మూసుకుపోయేట్టు, దాని పిన్ భార్య దగ్గర. ఇది ఇంకా పెద్ద పొరపాటు. లైవ్ కోసం సంఘం కొన్న ఫోను అతని దగ్గరే ఉండేది, అందులో చూడటం మొదలుపెట్టాడు. అది తెలిసి ఆ అమ్మాయి నాతో ఒక్క మాటే అంది, "నేను ఆయన భార్యనా అయ్యగారూ, వాచ్‌మన్‌నా?" భార్యాభర్తల మధ్య కాపలా పెట్టి నేనే దూరం పెంచాను. మూడు వారాలకి పిన్ తీసేయించాను.

ఈ రెండూ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు చెప్పగలను. నేను గంటలు లెక్కబెట్టాను. ఆ గంటల్లో అతనికి ఏం దొరుకుతోందో అడగలేదు. చాలా ఆలస్యంగా అడిగినప్పుడు అతను చెప్పింది ఇదీ: "మందిరంలో నేను మైకు సరిగ్గా పెడితే ఎవరూ చూడరు అయ్యగారూ. గుయ్యిమంటేనే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు." ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అయిదేళ్లు వారం వారం ఆ మైకులో మాట్లాడినవాణ్ణి, ఒక్కసారి కూడా దగ్గరికి పిలిచి, బాగుంది నాయనా అన్న గుర్తు లేదు.

ఆ మెసేజ్

మా సంఘంలో ఒక తల్లి. ఆవిడ కూతురు అత్తింట్లో గొడవలై పుట్టింటికి వచ్చేసింది. రెండు వైపులా పెద్దలు కూర్చుని మాట్లాడటానికి ఆదివారం ఖాయమైంది. తల్లి దానియేలు భార్యకి చెప్పుకుని ప్రార్థన చేయమంది. భార్య ఇంట్లో చెప్పింది. శుక్రవారం మధ్యాహ్నం దానియేలు 240 మంది ఉన్న గ్రూపులో పెట్టాడు: ఒక సహోదరి కుమార్తె వివాహ జీవితం కోసం, అత్తింటివారి మనసులు మారేలా, ఆదివారం జరిగే మాటల కోసం ప్రార్థించండి అని. పేరు లేదు, ఊరు లేదు. ప్రేమతోనే పెట్టాడు.

సాయంత్రానికి ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ అత్తింటివాళ్ల ఫోనులో ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనే పుకార్ల వల్ల మనుషుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాత వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ని ఒకసారికి ఐదు చాట్‌లకి కట్టడి చేసింది. ఆ ఐదింటిలో ఒకటి పక్క ఊరి సంఘం గ్రూపైతే కట్టడి ఎక్కడుంది? పైగా స్క్రీన్‌షాట్ తీసి పంపితే అది ఫార్వర్డ్ అని కూడా చూపించదు. విషయం తెలిసి దానియేలు రాత్రి తన మెసేజ్ తీసేశాడు. మెసేజ్ పోయింది, ఇక్కడ ఒక మెసేజ్ తీసేశారు అనే గుర్తు మిగిలింది. అప్పటిదాకా గ్రూపు తెరవనివాళ్లు కూడా ఏంటది అని ఒకరినొకరు అడిగారు.

అత్తింటివాళ్లు మాటలకి రామన్నారు. మమ్మల్ని ఊరంతా చాటింపు వేశారు, ఇంకేం మాటలు అన్నారు. వాళ్ల దృష్టిలో అది చేసింది ఆ తల్లి.

నేను చెప్పిన తప్పుడు సలహా

శనివారం పొద్దున్నే దానియేలు వణుకుతూ వచ్చాడు. గ్రూపులో తప్పు చేశావు, గ్రూపులోనే క్షమాపణ అడుగు అన్నాను. బహిరంగంగా చేసిన తప్పుకి బహిరంగంగా ఒప్పుకోలు, ఇది నాకు న్యాయంగా తోచింది. అతను పెద్ద మెసేజ్ రాశాడు, వచనాలతో, కన్నీళ్లతో రాశాడని నాకు తెలుసు. గంటలో 60కి పైగా జవాబులు. నమస్కారాలు, హృదయాలు, దేవుడు నిన్ను వాడుకుంటాడు తమ్ముడూ అని. తెలియనివాళ్లకి కూడా ఇప్పుడు తెలిసింది. ఆ తల్లి ఆ మధ్యాహ్నమే గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయింది.

సాయంత్రం దానియేలు ఫోను చేసి, మనసు కొంచెం తేలికైంది అయ్యగారూ అన్నాడు. అప్పుడు నాకు తట్టింది. క్షమాపణ కూడా పోస్టే అయింది. బాధపడిన మనిషి దగ్గరికి వెళ్లకుండానే ఓదార్పు దొరికేసింది. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి మొదట వెళ్లి సమాధానపడమని మత్తయి 5లో ఉంది. "మొదట" అనే ఆ మాటని నేను ఎన్నోసార్లు గట్టిగా పలికి బోధించాను. ఇక్కడ మాత్రం అతణ్ణి మొదట 240 మంది దగ్గరికి పంపాను.

వెళ్లడం

సోమవారం నేనొక్కణ్ణే ఆ తల్లి ఇంటికి వెళ్లాను. సలహా నాది కాబట్టి నా క్షమాపణ నేను చెప్పుకుని, దానియేలు రావచ్చా అని అడిగాను. వద్దంటే తీసుకురాకూడదని ముందే అనుకున్నాను, ఎందుకంటే క్షమాపణ అడిగేవాడు మన ఇంటి ముందు నిలబడి ఉంటే కాదనడం చాలా కష్టం, పైగా పాస్టరు పక్కనుంటే. ఆవిడ నాలుగు రోజులు ఆగి రమ్మంది.

ఫోను ఇంట్లో పెట్టి రమ్మన్నాను. ఆవిడ వరండాలో చింతపండు పిక్కలు తీస్తోంది. ప్లాస్టిక్ కుర్చీ చూపించింది, కూర్చోలేదు అతను. పిక్క తీసి ఒక గిన్నెలో, పండు తీసి ఇంకో గిన్నెలో వేస్తోంది, తల ఎత్తలేదు. దానియేలు తడబడుతూ, పేరు రాయలేదమ్మా, పేరు రాయకపోతే ఏం కాదనుకున్నాను అన్నాడు.

"పేరు రాయలేదు బాబూ, నిజమే. మన సంఘంలో ఎంతమంది కూతుళ్లు పుట్టింట్లో ఉన్నారు?"

జవాబు లేదు. చాలాసేపు పిక్కల చప్పుడే. నాకు వెంటనే ప్రార్థన చేసి ఆ నిశ్శబ్దాన్ని ముగించాలనిపించింది. ఆపుకున్నాను. ఈ కేసు మొత్తంలో నేను సరిగ్గా చేసిన పనుల్లో అదొకటి, ఎందుకంటే నా ప్రార్థన మొదలైతే ఆవిడ మాట అక్కడితో ఆగిపోయేది. చివరికి ఆవిడే చెప్పింది, నాకు నీ ఏడుపు అక్కర్లేదు, మా వియ్యంకుడి దగ్గరికి వెళ్లి రాసింది నేనని చెప్పు, మేం చెప్పి రాయించామని వాళ్లు అనుకుంటున్నారు అని.

బైబిల్లో పన్నులు వసూలుచేసే జక్కయ్య నోటి మాటతో ఆగలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఇక్కడ తిరిగి ఇవ్వాల్సింది ఆ తల్లి మాటకి ఉన్న విలువ. అక్కడ తిట్లు పడతాయని తెలిసే బస్సెక్కాం. పడ్డాయి కూడా. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. దానియేలు ఒక్క వచనం కూడా చెప్పకుండా, రాసింది నేను, వాళ్లు రాయమనలేదు, వాళ్లని అడగను కూడా లేదు అని మూడుసార్లు చెప్పాడు. తిరుగు ప్రయాణంలో కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇది ఎవరికీ తెలియదు కదా అయ్యగారూ అన్నాడు. తెలియదు, తెలియనవసరం లేదు అన్నాను. ఆ మాట అతను బాధతో అనలేదు, ఊపిరి పీల్చుకున్నట్టు అన్నాడు. మార్పు అక్కడ మొదలైందని నా నమ్మకం. కష్టమైన మంచి పని ఒకటి, ఎవరూ చూడకుండా చేసి, అయినా బతికి ఉన్నాడు.

ఆ అమ్మాయి కాపురం ఏమైందో ఇక్కడ రాయను. అది ఆమె సంగతి.

గ్రూపు ఏం చేశాం

కమిటీలో కొందరు పెద్దలు గ్రూపు మూసేద్దామన్నారు. నేను వద్దన్నాను. కువైట్‌లో ఉన్నవాళ్లకి, మంచంలో ఉన్నవాళ్లకి అదే మందిరం గుమ్మం. ఆ గుమ్మం మూస్తే శిక్ష పడేది తప్పు చేయనివాళ్లకి. అందుకని గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పంపేట్టు సెట్టింగ్ మార్చాం: కూడికల సమయాలు, వాక్యం ఆడియో, మరణ వార్తలు. ప్రార్థన విన్నపాలు గ్రూపులో ఆపేశాం. ఒక నోటు పుస్తకం పెట్టాం, అది ఇద్దరు పెద్ద స్త్రీల దగ్గర ఉంటుంది, ఫోను చేసి చెబితే రాసుకుని వాళ్లిద్దరే ప్రార్థిస్తారు. ఎవరైనా తమ విషయం అందరికీ చెప్పమంటే, రాసింది ముందు వాళ్లకే చదివి వినిపించి, పెట్టనా అని అడిగి, సరే అన్నాకే పెడతాం. అలా చదివితే సగం విన్నపాల్లో, అది తీసేయండి అనే మాట ఒకటైనా వస్తోంది. ఆ మాటలే ఇంతకుముందు ఊరంతా తిరిగేవి.

ఒక అక్క అభ్యంతరం చెప్పింది: ఎక్కువమంది ప్రార్థిస్తే మంచిది కదా అయ్యగారూ అని. కాదనలేను. కానీ ప్రార్థన వినే దేవుడికి వివరాలు ముందే తెలుసు, ఆయన కోసం మనం వివరాలు రాయడం లేదు. వివరం రాసేది చదివేవాళ్ల కోసం. ఆ తేడా ఒక్కటే ఆమెకి చెప్పగలిగాను.

వాదనల సంగతి

ఇది ఇంకా పూర్తిగా తీరలేదు. కొంత పనిచేసింది మాత్రం చెబుతాను. అతని పాత కామెంట్లు ఓ ఇరవై, పేరు లేకుండా కాగితం మీద రాయించి, నేను ఎదురుగా కూర్చుని గట్టిగా చదివాను, అతను అవతలివాడి స్థానంలో కూర్చున్నాడు. ఏడోది దగ్గర ఆపమన్నాడు. వినడానికి వేగిరపడి మాట్లాడటానికి నిదానించమని యాకోబు 1:19 చెబుతుంది, కామెంట్లలో ఆ వరస తలకిందులు. కోపం తెప్పించే మాటకి జవాబులు ఎక్కువ, జవాబులు ఎక్కువైతే అది ఇంకా ఎక్కువమంది కళ్లముందుకి వస్తుంది, నిదానంగా రాసిన మాట అడుగున ఉండిపోతుంది. అతను గెలిచాననుకున్న వాదనలన్నీ అతనికి దొరికిన జవాబుల సంఖ్యే.

ఆ ఇరవైలో ఒకటి హిందువుల దేవుడి గురించి. దాని దగ్గర చాలాసేపు ఆగాం. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మత నమ్మకాలని అవమానించడం మూడేళ్ల దాకా జైలు పడే నేరం, 2024 జూలైకి ముందు పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో అదే 295ఎ. అది చెప్పాను, చెప్పాలి. కానీ అంతకంటే ముందు అడిగింది పక్కింటివాళ్ల గురించి. సంక్రాంతికి వాళ్లింటి నుంచి అరిసెలు వస్తాయి, క్రిస్మస్‌కి వీళ్లింటి నుంచి కేకు వెళ్తుంది, ఆ ఇంటి కుర్రాడు దానియేలుకి ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్. అది చదివాడా అని అడిగితే దానియేలుకి తెలియదు. చదివి ఉంటే, చదివి కూడా అరిసెలు ఇచ్చి వెళ్లాడన్నమాట. ఆ కామెంట్ అప్పుడే తీసేశాడు. మర్నాడు ఆ కుర్రాడితో మాట్లాడాడు, ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ల కామెంట్లకి జవాబివ్వకూడదని నియమం పెట్టుకున్నాడు. ఎవరైనా నిజంగా అడుగుతున్నట్టు అనిపిస్తే నెంబరు తీసుకుని ఫోనులో మాట్లాడతాడు. అలా ఇప్పటికి నలుగురు. నెలలో ఒకటి రెండుసార్లు జారుతున్నాడు, జారినప్పుడు భార్యకి తనే చెబుతున్నాడు, ఆమె కనిపెట్టాల్సిన పని లేకుండా. కుటుంబ ప్రార్థనలో కాగితం బైబిలు, ఫోను ఫ్రిజ్ మీద. నేను కూడా ఒక పని మార్చుకున్నాను. ఆరాధన అయ్యాక తలుపు దగ్గర చేతులు కలపడానికి వెళ్లే ముందు మైకు దగ్గరికి వెళ్తున్నాను, అక్కడ వైర్లు చుట్టుకుంటున్న మనిషితో రెండు నిమిషాలు మాట్లాడటానికి.

ఆ తల్లి గ్రూపులోకి తిరిగి రాలేదు. రమ్మని మేమూ అడగలేదు. ఏదైనా కూడిక సమయం మారితే గ్రూపులో పెట్టాక దానియేలు బండి తీసుకుని వాళ్లింటికి వెళ్లి, గేటు దగ్గర నిలబడి చెప్పి వస్తున్నాడు. కిందటి శనివారం లోపలికి రమ్మని టీ ఇచ్చిందట.